రెండో సవరణ పక్కన రాసిన మాటలు

సోమవారంనాడు ఆర్వో హాకలా కొడుకు కర్ట్ తన కుక్కను పక్కింటివాళ్ళకు ఇచ్చేశాడు. బుధవారం ఆర్వో కోర్టుకు వెళ్ళి పిటిషన్ వేశాడు. నా కొడుకు ప్రాణానికి వాడివల్లే ముప్పుంది, వాడి తుపాకులు తీసేసుకోండి అని. విచారణ శుక్రవారం. శనివారం జింకల వేట మొదలు. ఆ రోజు ఆ ఊళ్ళో చేతిలో తుపాకీ లేని మగవాణ్ణి చొక్కా లేనివాడిలా చూస్తారు.

ఆర్వో గనిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. ఇరవై అయిదేళ్ళుగా రోజూ పొద్దున్నే కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని అమెరికా రాజ్యాంగంలో ఆయుధం హక్కునిచ్చే రెండో సవరణ మీద వాదిస్తున్నాడు. ఎదురుగా చరిత్ర టీచరు లెంపి. ఆయుధం హక్కు ఊరిని కాచే పౌరసేన కోసం ఇచ్చారని ఆమె. ప్రజలంటే ప్రతి మనిషీ, రాసినవాళ్ళ ఉద్దేశం అదేనని అతను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఎప్పుడూ అతనివైపే.

గురువారం మధ్యాహ్నం లెంపి ఇంటి తలుపు తట్టాడు.

"నీ వాదన నాకు కావాలి లెంపీ."

"పాతికేళ్ళు గెలిచావు. ఓడిపోవడం కూడా నేనే నేర్పాలా?" అంది. తర్వాత అతని మొహం చూసి కుర్చీ జరిపింది. "బూట్లు విప్పి రా. బయటి మంచునంతా ఇంట్లోకి తెస్తున్నావు."

కర్ట్ విషయం విని తన పాత వాదన ఎత్తుకుంది.

"ఆ సవరణ రాసిన కాలంలో పౌరసేన కెప్టెన్ ఊరి మగవాళ్ళందరినీ వరసలో నిలబెట్టేవాడు. ఒక్కొక్కడి ముందూ ఆగి చూసేవాడు. తుపాకీనీ, పట్టుకున్నవాణ్ణీ కూడా. అది ఊరి కోసం పట్టుకున్న తుపాకీ ఆర్వో. ఎవడి గదిలో వాడు తలుపేసుకుని పట్టుకునేది కాదు."

"ఈ మాట అన్నప్పుడల్లా నవ్వేవాణ్ణి."

"నవ్వేవాడివా? నోట్లో ఉన్న మాంసం పాస్టీ తునకలు నా మీద పడేవి."

ఆ మాటలన్నీ అతను బడిపిల్లవాడిలా వల్లె వేశాడు.

శుక్రవారం కర్ట్ నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కోర్టుకు వచ్చాడు. అన్నీ తేల్చేసుకున్నవాడిలా కనిపించి ఆర్వోకు ఇంకా భయం వేసింది. కర్ట్ లాయర్ని పెట్టుకోలేదు. జేబులోంచి అరచేతంత పుస్తకం తీశాడు. రాజ్యాంగం. అతను మొదటి జింకను కొట్టిననాడు తండ్రి ఇచ్చిందే. అంచులనిండా తండ్రి పెన్సిల్ రాత.

ఆర్వో లేచి కెప్టెన్ సంగతి చెప్పాడు. కర్ట్ నింపాదిగా పేజీ తిప్పాడు.

"జడ్జిగారూ, ఇది మా నాన్న చేతిరాత. 'కెప్టెన్ చూసేది తుపాకీ పేలుతుందా లేదా అనే. మనిషి మనసులోకి తొంగిచూసే అధికారం ఏ కెప్టెన్‌కీ లేదు.' కింద రెండు గీతలు కూడా గీశాడు." తండ్రివైపు తిరిగాడు. "నువ్వు రాసిందేగా నాన్నా? ప్రజల్లో నేను లేనా?"

వెనక కాఫీ బల్లవాళ్ళు ఇద్దరు నవ్వారు.

జడ్జి కళ్ళద్దాలు తీసింది. "హాకలాగారూ, అప్పటివాళ్ళు ఏమనుకుని రాశారో తేల్చడానికి ఇవాళ నేనిక్కడ కూర్చోలేదు. మీ అబ్బాయి చచ్చిపోతానన్నాడా?"

"అనలేదు."

"ఎవరినైనా బెదిరించాడా?"

"లేదు."

"మరి?"

"కుక్కను ఇచ్చేశాడండీ."

"నా పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది," అన్నాడు కర్ట్. "పొద్దున పనికి పోతే చీకటి పడ్డాక వస్తాను. కుక్కను ఎవరు చూస్తారు?"

జడ్జి తల ఊపింది. కాగితాలు దగ్గరికి లాక్కుంది. ఆమె పిటిషన్ కొట్టేయబోతోందని ఆర్వోకు తెలిసిపోయింది. బల్ల అంచు పట్టుకున్నాడు.

"మా ఆవిడ తుపాకీ తుడుస్తుంటే పేలి చనిపోయిందని ఊరంతా చెప్పాను. అబద్ధం."

జడ్జి కాగితాలు పక్కకు జరిపింది.

"ఆ వారం తన మగ్గం చెల్లెలికి ఇచ్చేసింది. ఎందుకే అంటే, ఇక నేసేదేం లేదు అంది. నాకు అర్థం కాలేదు. కాఫీకి పోయాను. నా బీరువాకు తాళం వేయమనే హక్కు ఎవడికీ లేదని అక్కడ వాదిస్తున్నాను. అప్పుడే ఇంట్లో, నా రైఫిల్‌తో..."

కర్ట్ చేతిలో పుస్తకం మూసుకుపోయింది.

"నాకప్పుడు పదిహేడేళ్ళు," అన్నాడు. "అమ్మ పక్కన తుపాకీ తుడిచే నూనె గుడ్డ చూపించావు నాకు."

"నేనే పెట్టాను."

జడ్జి సంతకం చేసింది. ఏడాదిపాటు కర్ట్ దగ్గర తుపాకీ ఉండకూడదు. తుపాకులు తీసుకోవడానికి షెరీఫ్ మనిషి, ఓ పోలీసు, కర్ట్ వెంట బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ కర్ట్ ఆ పుస్తకాన్ని తండ్రి ఒళ్ళోకి విసిరాడు.

శనివారం తెల్లవారకముందే ఆర్వో కొడుకు ఇంటి ఎదురుగా ట్రక్కు ఆపుకుని కూర్చున్నాడు. ముందురోజు షెరీఫ్ మనిషి తుపాకులన్నీ పట్టుకెళ్ళడం కళ్ళారా చూశాడు. అయినా ఈ ఊళ్ళో ఏ తలుపు తట్టినా ఒకటి అరువిస్తారు. అలా అరువివ్వడం మంచితనమని అతనే చెప్పేవాడు.

వెలుగు రాగానే అడవిలో తుపాకులు మొదలయ్యాయి. పేలినప్పుడల్లా కొడుకు ఇంటి పొగగొట్టం వంక చూశాడు ఆర్వో. చాలాసేపటికి పొగ లేచింది. లోపల మనిషి బతికే ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. కర్ట్ బనీనుతోనే మెట్లమీదికి వచ్చాడు.

"పో ఇక్కణ్ణుంచి!" అని అరిచి తలుపు వేసుకున్నాడు.

ఆర్వో పోలేదు. మళ్ళీ ఒకటి పేలింది. అడవిలోదే అనుకున్నాడు, పొగ వస్తూనే ఉంది. పొయ్యిలో కట్టె వేసినవాడు చనిపోయినా కట్టె కాసేపు కాలుతూనే ఉంటుందని అప్పుడు తోచింది. ట్రక్కు దిగి, ఆ తలుపువైపు పరుగెత్తాడు.