మిజుకుబో వంపు

ఇగరాషి ఇసాము ఇల్లు కదలాలంటే అదొక తతంగం. ముందు పొయ్యి ఎదురుగా అటెన్షన్‌లో నిలబడతాడు. కుడి చెయ్యి చాచి, చూపుడువేలు గ్యాస్ మీట మీదికి గురిపెట్టి, "గ్యాస్, కట్టేశాను" అంటాడు. తర్వాత స్నానాలగది కుళాయి, కిటికీ గొళ్ళెం, ఆఖరున వీధి తలుపు తాళం. ముప్పై మూడేళ్ళుగా భూమి కింద రైలు నడుపుతున్న మనిషి. వేలు చూపి పైకి చెబితే తప్ప ఏ పనీ అయినట్టు అనిపించదు. పక్క వాటాలోని ముసలాయన ఈ కేక విని గడియారం సరిచేసుకుంటాడని భార్య కియోమి వెక్కిరించేది.

ఆ కేక డిసెంబరులో ఆగిపోయింది. గొంతులో కణితి ఉందన్నారు, తీసేశారు. చెడ్డది కాదని డాక్టరు చెప్పగానే కియోమి ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చింది. అయితే కణితితో పాటు గొంతూ పోయింది. మిగిలింది కాస్త గాలి, కాస్త గరగర. ఇంతకంటే బాగుపడదని డాక్టరు మార్చిలో తేల్చి చెప్పాడు.

అప్పట్నుంచి ఇంట్లో తతంగం రెండు వాటాలైంది. వేలు ఆయన చూపిస్తాడు, మాట ఆవిడ చెబుతుంది.

"గ్యాస్, కట్టేశాం."

"కట్టేశాను అనాలి" అని ఆయన బుసబుసలాడుతూ దిద్దుతాడు.

"ఇద్దరం కదా కడుతున్నాం" అంటుందావిడ, రోజూ అదే మాట.

ఇంట్లో ఎన్ని వాటాలైనా వేసుకోవచ్చు. రైల్లో కుదరదు. క్యాబిన్‌లో డ్రైవరు ఒక్కడే ఉంటాడు. సిగ్నల్ పచ్చగా ఉందని కంటితో చూస్తే చాలదు, వేలు చూపి పైకి అనాలి. తలుపులు మూసుకున్నాయని అనాలి. వంపు వస్తే వేగం ఎంతో అనాలి. వినేవాడు ఎవడూ లేకపోయినా అనాలి. గొంతు లేనివాడికి బండి ఇవ్వడం కుదరదని పైవాళ్ళు మర్యాదగానే చెప్పి, ఆయన్ని పోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. అయిదు నెలలు గొడుగులకు చీటీలు కట్టాడు. చీటీ కట్టిన ప్రతి గొడుగుకూ వేలు చూపించేవాడట, ఆ గదిలో అమ్మాయిలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

వచ్చే మార్చి ఆఖరుకి ఉద్యోగ విరమణ. ఇంత కొద్దిరోజులకి మళ్ళీ క్యాబిన్ ఎక్కాలన్న పట్టుదల ఎందుకని యూనియన్ వాళ్ళే అడిగారు.  అసలు సంగతి వాళ్ళకి చెప్పేది కాదు.

పెళ్ళయిన కొత్తలో కియోమి ఒకరోజు సరదాపడి ఆయన నడిపే బండి మొదటి పెట్టె ఎక్కింది. క్యాబిన్ అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. ఆ రోజు ఇగరాషి బండిని ఆపాల్సిన గీత దాటించి నలభై సెంటీమీటర్లు అవతల ఆపాడు. దానికి క్షమాపణ పత్రం రాసిచ్చాడు. ఇంటికొచ్చి, "ఇంక నా బండి ఎక్కొద్దు. నా చివరి బండి ఎక్కుదువుగాని" అన్నాడు. డ్రైవరు చివరిసారి నడిపే బండిలో ఇంటివాళ్ళు ఎక్కుతారు, దిగాక పువ్వులిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. అది రైలువాళ్ళలో ఉన్న ఆనవాయితీయే. కొత్త పెళ్ళికూతురు సరేనంది. సరేనంటే మామూలు సరే కాదు. ఆయన డ్యూటీ కాగితం ఫ్రిజ్‌కి అంటించుకుని, బజారుకి వెళ్ళేటప్పుడు ఆయన బండి వస్తే ప్లాట్‌ఫారం మీద స్తంభం చాటుకి జరిగి, అది వెళ్ళిపోయాక వచ్చేది ఎక్కేది. ముప్పై రెండేళ్ళు అలా ఎన్ని బండ్లు వదిలేసిందో లెక్క లేదు.

బండే లేకపోతే చివరి బండి ఎక్కడినుంచి వస్తుంది? ఇగరాషిని అయిదు నెలలుగా తొలిచేస్తున్నది అదే. అందుకే రోజూ ఏటిగట్టుకి వెళ్ళి, దాటే సైకిళ్ళకి వేలు చూపిస్తూ గొంతు సాధన చేశాడు. నిశ్శబ్దంగా ఉన్న చోట తన మాట తన చెవికి చేరేంతవరకు తెచ్చుకున్నాడు. పరీక్ష పెట్టండని అర్జీ పెట్టాడు, పెట్టారు.

పరీక్ష రోజు పొద్దున్నే ముసురు. వంటగది కిటికీ రేకు మీద వాన టపటపమంటోంది.

"ఇవాళ నేనే చెప్తా" అన్నాడు ఇగరాషి.

కియోమి చేతులు తుడుచుకుంటూ పక్కకి జరిగింది. ఆయన వేలు గురిపెట్టి, "గ్యాస్, కట్టేశాను" అన్నాడు. వాన చప్పుడే వినపడింది.  మళ్ళీ వేలు గురిపెట్టి మళ్ళీ అన్నాడు, ఈసారి మెడ నరాలు పైకి లేచాయి.

"వినపడిందా?" అని అడిగాడు.

"నాకు వినపడితే ఏం లాభం? అన్నవాడి చెవికి వినపడాలనేగా మీరు ఊరందరికీ పాఠాలు చెప్పారు."

"రెండోసారి వినపడింది."

"అయితే వెళ్ళిరండి. పన్నెండూ ఇరవయ్యారు బండేనా?"

"అదే. ఎందుకు?"

"ఊరికే. ఆ వేళకి దేవుడి ముందు దీపం పెడదామని."

పరీక్ష పెట్టడానికి వచ్చినవాడు త్సుగావా. నలభై రెండేళ్ళవాడు, కొత్తగా ఇన్‌స్పెక్టరు అయ్యాడు. పదిహేడేళ్ళ కిందట ఇగరాషి దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడనడం కంటే తల ప్రాణం తోకకి తెచ్చుకున్నాడు అనడం సబబు. మాట నోట్లోనే మింగేస్తున్నాడని ఇగరాషి అతన్ని ఫెయిల్ చేసి, రెండు వారాలు షెడ్డులో ఒక పాత సిగ్నల్ స్తంభం ముందు నిలబెట్టి అరిపించాడు. "నోరు అన్నది చెవి వినాలిరా. ఆ కేక ప్రయాణికులకి కాదు, నాకు కాదు, నీకు. చెవి వినలేదంటే నువ్వక్కడ లేనట్టే" అనేవాడు. ఆ రెండు వారాలూ కియోమి కట్టిచ్చిన అన్నం ముద్దలే తిని బతికానని త్సుగావా ప్రతి విందులోనూ చెబుతాడు.

ప్లాట్‌ఫారం చివర ఇగరాషి అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశాడు. "డ్రైవర్ ఇగరాషి. మీ పరీక్షకి సిద్ధంగా ఉన్నాను."

"అయ్యో, నన్ను మీరు అనకండి గురువుగారూ, చెమటలు పడుతున్నాయి."

"డ్యూటీలో గురువుగారు ఏమిటి? సరిగ్గా పిలవండి."

త్సుగావా గొంతు సవరించుకుని, "డ్రైవర్ ఇగరాషీ, బండి ఎక్కండి" అన్నాడు. అని, ప్లాట్‌ఫారం వైపు చూసి, ఎందుకో చటుక్కున తల తిప్పుకున్నాడు.

క్యాబిన్‌లోకి వెళ్ళి తెల్ల చేతితొడుగులు వేసుకుని, జేబుగడియారం తీసి దాని గూట్లో పెట్టేసరికి ఇగరాషికి అయిదు నెలలు ఎటుపోయాయో తెలియలేదు. ప్రయాణికుల దీపాల వెలుగు కళ్ళలో పడకుండా వీపు వెనక తెర దించుకున్నాడు. అవతలివైపు అద్దానికి తెర లేదు, క్యాబిన్‌లోనే దాని ముందు త్సుగావా కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"తలుపులు, మూసుకున్నాయి." వినపడింది. "సిగ్నల్, పచ్చ." వినపడింది. బండి సొరంగంలోకి జారింది. పిల్లికూతంత గొంతే, అయినా తన చెవికి తన మాట తాకుతూనే ఉంది. ఒక్కో స్టేషను దాటుతుంటే ఇగరాషి వీపు నిటారుగా అయింది. నాలుగు స్టేషన్లు గీత మీదే ఆపాడు. త్సుగావా పెన్ను టిక్కులు పెట్టుకుంటూ పోతోంది.

మిజుకుబో దాటాక ఒక వంపు ఉంది. పాతకాలపు లైను, పైన ఏదో గుడి పునాది ఉందని పక్కకి తిప్పి తవ్వారు. అక్కడ చక్రాలు పట్టాలకి ఒరుసుకుని పెట్టే కేక విని పసిపిల్లలు ఏడుస్తారు. ఇగరాషి ముందే వేగం తగ్గించాడు. వేలు చాచి, "వంపు, వేగం ముప్పై అయిదు" అన్నాడు.

పెదాలు కదిలాయి. గొంతులో గాలి కదిలింది. చెవిలో చక్రాల కేక తప్ప ఏమీ లేదు.

మళ్ళీ వేలు చాచాడు. ఉన్న ఊపిరంతా పెట్టి మళ్ళీ అన్నాడు. ఏమీ లేదు. సూది ముప్పై అయిదు మీదే ఉంది, బండి ఎంత మెత్తగా వెళ్ళాలో అంత మెత్తగానే వంపు తిరిగింది. తప్పేమీ జరగలేదు.  కానీ మిగతా ఆరు స్టేషన్లూ ఆయన ఒక్కొక్కదాన్ని కళ్ళారా చూసుకుంటూ నడిపాడు. ఆఖరి స్టేషనులో గీత మీద ఆపి, "ఆగింది, సరిగ్గా ఉంది" అన్నాడు. అది మాత్రం స్పష్టంగా వినపడింది.

సిబ్బంది గదిలో త్సుగావా కాగితం బల్ల మీద పరిచాడు. మొహం వెలిగిపోతోంది. అన్ని గళ్ళల్లోనూ టిక్కులే. అడుగున ఒక్క గడి మిగిలింది. పరీక్ష ఏదైనా ఆఖరున అడిగే ప్రశ్న అది. లేదంటారు, లేదని రాసుకుంటారు, అయిపోతుంది.

"మీ అంతట మీరు గమనించిన లోపం ఏదైనా ఉందా?" అని అడిగి, త్సుగావా అప్పుడే 'లేదు' అని రాయడానికి పెన్ను ఆనించాడు.

"ఉంది."

పెన్ను ఆగింది.

"మిజుకుబో వంపులో నా మాట నాకు వినపడలేదు. రెండోసారీ వినపడలేదు."

త్సుగావా పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "అక్కడ నా గొంతే నాకు వినపడదు. ఎవరికీ వినపడదు గురువుగారూ."

"నాకు ముప్పై మూడేళ్ళూ వినపడింది."

"వేగం సరిగ్గానే ఉంది కదా. నేను పక్కనే ఉన్నాను, చూశాను."

"నిన్ను నేను దేనికి ఫెయిల్ చేశానురా?"

 త్సుగావా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అది శుభ్రంగానే ఉంది.

"ఆ రోజు నీ వేగమూ సరిగ్గానే ఉంది" అన్నాడు ఇగరాషి. "వెయ్యిమంది ఎక్కే బండి. నాకొక న్యాయం, నీకొక న్యాయమా? రాయి."

త్సుగావా రాశాడు. రాయడం అయ్యాక లేచి, నడుము దాకా వంగి నమస్కరించి, అలాగే ఉండిపోయాడు. ఇగరాషి అతని భుజం తట్టి, చేతితొడుగులు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని బండి మీద బండి వదిలేశాడు. నిజం చెప్పినందుకు బాధ లేదు. కియోమికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ముప్పై రెండేళ్ళు స్తంభం చాటున నిలబెట్టి, ఇప్పుడు ఆ ఒక్క బండీ లేదని చెప్పాలి. పైగా తన చేత్తో తనే లేకుండా చేసుకున్నానని చెప్పాలి.

సాయంత్రం తలుపు తీసేసరికి ఎర్ర చిక్కుడు గింజలతో ఉడికిన అన్నం వాసన వచ్చింది. పండగలకి, శుభాలకి వండే అన్నం. బల్ల మీద గాజు కూజాలో పువ్వులు, తెల్లవీ నీలంవీ, గుప్పెడు.  పాసై వస్తానని ఇదంతా చేసి కూర్చుంది పిచ్చిది అనుకున్నాడు ఇగరాషి.

"కియోమీ" అన్నాడు.  

"తెలుసు. కాళ్ళు కడుక్కుని రండి" అందావిడ, అన్నం వడ్డిస్తూ.

"త్సుగావా ఫోన్ చేశాడా?"

"లేదు. మిజుకుబో వంపులో వేలు రెండుసార్లు చూపించారుగా."

ఇగరాషి గొడుగు చేతిలో పట్టుకునే ఉండిపోయాడు. నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"మొదటి పెట్టెలోనే ఉన్నా" అంది కియోమి. "తెర లేని అద్దం దగ్గర. త్సుగావా చూశాడు, చెప్పొద్దని సైగ చేశా. ధైర్యం ఆగక ఎక్కాను, తిడితే తిట్టండి. వెనకనుంచి మీ చెయ్యి ఒక్కటే కనిపించింది. అక్కడ వేలు రెండోసారి లేచేసరికి నాకు అర్థమైపోయింది. పొద్దున గ్యాస్ దగ్గర నేను చూడలేదా? వినపడలేదన్నమాట. వినపడకపోతే ఆ మాట చెప్పకుండా మీరు ఇంటికి రారు. ఇంక ఇదే చివరి బండి అనుకున్నా. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోలేదు, ఆఖరిదాకా నిలబడే ఉన్నా. దిగాక పువ్వులు కొన్నా. అక్కడే ఇద్దామనుకున్నా గానీ, ఆ మొహం చూసి ఇవ్వలేకపోయా."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆవిడ గొడుగు తీసి పక్కన పెట్టి, భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఇద్దరూ ఏడ్చారు, దాచుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

కాసేపటికి ఆయన తలెత్తాడు. "బండి ఎక్కడ ఆగింది?"

"గీత మీదే. దిగి వంగి మరీ చూశా. నేను ఎక్కినా దాటలేదు."

"నువ్వున్నట్టు తెలిస్తే దాటేదేమో."

"అదీ నిజమే" అంది కియోమి, ముక్కు తుడుచుకుంటూ.

అన్నాలు తిన్నారు. తిన్నాక ఆవిడ టీ కాచింది. ఇగరాషి లేచి పొయ్యి ఎదురుగా అటెన్షన్‌లో నిలబడ్డాడు. తొడుగు లేని చేతిని చాచి, గ్యాస్ మీటకి వేలు గురిపెట్టి ఆగాడు. ఆవిడ వైపు చూశాడు.

"గ్యాస్, కట్టేశాం" అంది కియోమి.

ఆయన దిద్దలేదు.