నాలుగో గ్లాసు

మాణిక్యాంబ మొదటి గ్లాసు కలపగానే కేబిన్ గోడకి కిటికీ వస్తుంది. గుండ్రటి కిటికీ, ఇత్తడి చట్రం, అద్దం మీద ఎవరో ఇప్పుడే తుడిచి వెళ్ళినట్టు తడి చారలు. అవతల మధ్యాహ్నపు సముద్రం ఎండలో మెరుస్తూ ఉంటుంది. ఆవిడ చెంచా పక్కన పెట్టి, కిటికీ తెరుచుకుంటుందో లేదో నెట్టి చూస్తుంది. తెరుచుకుంటుంది.

"మనం తీసుకున్నది కిటికీ లేని కేబిన్ కదా వదినా?" అంటుంది హైమావతి, పైబెర్తు మీంచి కాళ్ళు వేలాడేసి. హైమావతి ఆవిడ ఆడపడుచు. సంచి పట్టుకుని ఎక్కడికి రమ్మన్నా వచ్చే మనిషి.

"తీసుకున్నప్పుడు లేదు. ఇప్పుడుంది."

"అయితే సరే," అని హైమావతి కాళ్ళు ఊపుకుంటుంది.

వదినా మరదళ్ళిద్దరూ విశాఖపట్నంలో ఓడెక్కారు. ఈ ఓడ బంగాళాఖాతంలో ఓ చుట్టు చుట్టి మళ్ళీ అదే రేవుకి వస్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. ఎక్కడికీ వెళ్ళని ప్రయాణమేమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ. మాణిక్యాంబకి కావలసింది ఊళ్ళు కాదు. తన చేత్తో తను కలుపుకున్న గ్లాసు ఒకటి, సముద్రం వైపు తిరిగి కూర్చుని, తనే తాగాలి. అంతే. ఈ వయసులో ఇదేం కోరికని అడిగినవాళ్ళకి ఆవిడ జవాబు కూడా చెప్పలేదు.

కాకినాడలో ఆవిడ భర్త శేషగిరిరావుగారి సాయంత్రాలకి చాలా పేరు. ఆయనా, ముగ్గురు స్నేహితులూ హాల్లో కూర్చునేవారు. కలపడం ఆవిడ పని. ఎంత పోసిందో గ్లాసు వైపు చూడనక్కర్లేదు, చప్పుడు వింటే చాలు, సోడా ఎక్కడ ఆపాలో ఆవిడకి తెలిసిపోయేది. ఆ చేతి వాటం ఇంకెవరికీ రాదని అందరూ మెచ్చుకునేవారు, ఆవిడతో కాదు, ఆయనతో. ఆయన పోయి మూడేళ్ళయింది. అన్నేళ్ళు కలిపిన మనిషికి అది చేదో తీపో తెలీదు. నువ్వూ ఓ గుక్క చూడు అని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. అది తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఓడలోకి బయటి మందు తేకూడదు. తాగాలనుంటే పైడెక్కు మీదున్న బారుకి వెళ్ళాలి, వాళ్ళు కలిపిందే తాగాలి. అందుకని ఆవిడ రమ్ముని కొబ్బరినూనె సీసాలో పోసింది. ఆ సీసాని ఊరగాయ జాడీలో పెట్టింది. పైన రాళ్ళ ఉప్పు నింపి, జాడీ మూతికి పసుపు గుడ్డ కట్టింది. రేవులో సామాన్లు తనిఖీ చేసే అబ్బాయి ముడి దాకా వచ్చి ఆగాడు.

"ఇదేంటండీ?"

"మడి ఊరగాయ. ముట్టుకున్నావంటే మళ్ళీ నువ్వే పెట్టివ్వాలి."

అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దారిచ్చాడు.

ఇప్పుడు ఆ రమ్ములో తాటిబెల్లం పాకం, అల్లం రసం, సగం నిమ్మకాయ, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి, పైన ఓడవాళ్ళిచ్చిన సోడా. ఈ కలయిక ఆవిడ సొంతం. ఇది హాల్లోకి ఎప్పుడూ వెళ్ళలేదు. బుడగలు పైకి వస్తుంటే ఆవిడకి చిన్నపిల్లలా గంతులేయాలనిపిస్తుంది.

"ఉన్నది ఇద్దరం. ట్రేలో నాలుగు గ్లాసులెందుకు?" అంటుంది హైమావతి.

"చెయ్యి పెట్టేసిందే."

"రెండు తీసెయ్యి."

మాణిక్యాంబ రెండు గ్లాసులు తీసి బీరువాలో పెడుతుంది. వెనక్కి తిరిగేసరికి ట్రేలో మళ్ళీ నాలుగుంటాయి. ఇంకోసారి తీస్తుంది. నాలుగే ఉంటాయి. ఆ చేతికి నాలుగు తప్ప వేరే అంకె రాదు. ఒకటి అసలే రాదు.

ఈ తీసిపెట్టడాల మధ్య హైమావతి పైనుంచి వంగి మొదటి గ్లాసు అందుకుని గటగటా తాగేస్తుంది.

"అదేంటే, నాది!"

"నీకేమన్నా అవుతుందేమోనని ముందు నేను చూశా వదినా. ఏం కాదు. కాస్త కొబ్బరినూనె వాసనేస్తోంది, అంతే." అని మూతి తుడుచుకుంటుంది. ఆ మాటల్లో ప్రేమెంతో, ఆశెంతో విడదీసి చెప్పడం కష్టం.

తలుపు చప్పుడవుతుంది. ఓడ సూపర్‌వైజరు పాండురంగం తెల్ల యూనిఫాంలో, చేతిలో కొలత టేపుతో నిలబడి ఉంటాడు. భీమవరం మనిషి, మర్యాద తెలిసినవాడు.

"మేడమ్, ఇక్కడికేమన్నా కిటికీ వచ్చిందాండీ?"

"వచ్చింది."

"అది బారుదండి. ఓడలో కిటికీలు ఇన్నేనని ఉంటాయండి. కేబిన్లలో సొంతంగా కలిపితే ఇక్కడ పెరుగుతాయి, అక్కడ తగ్గుతాయి. బయటి సరుకు వద్దనేది అందుకేనండి. పైన పెద్దమనుషులు చీకట్లో కూర్చున్నారు."

"మేం వెలుతురులో కూర్చున్నాం. ఎవరో ఒకళ్ళు చీకట్లో కూర్చోవాలిగా, ఇవాళ వాళ్ళు."

పాండురంగం ఆలోచిస్తాడు. ఆ మాటలో తప్పు దొరకదు. వంగి కిటికీ కొలుస్తాడు. టేపు ఎంత లాగినా కిటికీ అవతలి అంచు అందదు.

అతను కొలుస్తుండగానే మాణిక్యాంబ రెండో గ్లాసు కలుపుతుంది. పాకం అడుక్కి దిగగానే కిటికీ కింది గోడ చాప చుట్టినట్టు చుట్టుకుపోయి వరండా వస్తుంది. ఇనప రెయిలింగు, పేము కుర్చీ, గాలి. హైమావతి పైబెర్తు మీంచి దిగి వరండా గట్టు మీద చేరుతుంది. మాణిక్యాంబ గ్లాసు ఎత్తబోతుంది. పాండురంగం ఆవిడ చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని, కళ్ళు మూసుకుని, చివరి చుక్క దాకా తాగుతాడు.

"ఉప్పు కాస్త తగ్గిందండి."

"నీకెవరు కలిపారయ్యా?" ఆవిడ గొంతు పెరుగుతుంది.

"కూర్చున్నవాళ్ళకే గ్లాసు చెందుతుందండి. మీరు నిలబడున్నారు. నిలబడినవాళ్ళు ఇచ్చేవాళ్ళండి." అని ఖాళీ గ్లాసు ట్రేలో పెట్టి వెళ్ళిపోతాడు. తాగినంతసేపూ అతను కిటికీ అంచు మీద కూర్చునే ఉన్నాడని ఆవిడకి అప్పుడు గుర్తొస్తుంది.

చిన్నప్పటి నుంచీ ఈ నియమం ఉంది, ఎవరూ చెప్పలేదంతే. మాణిక్యాంబ ట్రే ఎత్తుకెళ్ళి పేము కుర్చీలో కూర్చుంటుంది. కూర్చుని కలపడం ఆవిడకి కొత్త. మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. నిమ్మరసం కొంచెం చీర మీద పడుతుంది. అయినా లేవదు. మూడో గ్లాసు నిండుతుంటే బారులో మిగిలిన కిటికీలన్నీ, దీపాలతో సహా, మెట్లు దిగి వచ్చి వరండా గోడకి ఒద్దికగా సర్దుకుంటాయి. పైన ఎవరో గ్లాసు తడుముకుంటూ బల్ల మీద చెయ్యి కొట్టిన చప్పుడు వినిపిస్తుంది.

గ్లాసు పెదవుల దాకా వచ్చాక ఆవిడకి హైమ గుర్తొస్తుంది. పాపం, ఖాళీ కడుపున తాగింది. సంచిలో వేయించిన పల్లీలున్నాయి, ఇచ్చేసి వద్దామని గ్లాసు కింద పెట్టి లేస్తుంది.

ఆ లేవడమే పొరపాటు. సముద్రం రెయిలింగు మీంచి నాలుక చాపి మూడో గ్లాసు పూర్తిగా తాగుతుంది. తాగి, గ్లాసు కడిగి, ట్రేలో బోర్లించి, తన చోటికి తను వెళ్ళిపోతుంది.

"నిన్ను పల్లీలు ఎవరడిగారు వదినా!" హైమావతి నెత్తి కొట్టుకుంటుంది. "ఓ పది నిమిషాలు నీ బతుకు నువ్వు చూసుకోలేవా?"

మాణిక్యాంబకి ఏడుపొస్తుంది. సముద్రం మీద కాదు, తన కాళ్ళ మీద. ఎవరూ పిలవకపోయినా లేచే కాళ్ళు ఇవి. ఆవిడ పల్లీల పొట్లం హైమ ఒళ్ళోకి విసిరి, కుర్చీలో కూలబడి, చీర కొంగుతో రెండు కాళ్ళనీ కుర్చీ కోడుకి కట్టేస్తుంది. జాడీకి కట్టిన ముడే. ఇక ఆవిడ లేవాలన్నా లేవలేదు.

సీసాలో రమ్ము ఇంక ఒక్క గ్లాసుకే ఉంది. ఇది పోతే ఓడ రేవు చేరేదాకా ఏమీ లేదు, ఆ తర్వాత ఆవిడ మళ్ళీ వస్తుందన్న నమ్మకమూ లేదు. ఆవిడ నాలుగో గ్లాసు తొందరపడకుండా కలుపుతుంది. పాకం, అల్లం, నిమ్మ, మిర్చి. సోడా పోసి, రెండు చేతులతో పట్టుకుంటుంది.

తలుపు మళ్ళీ చప్పుడవుతుంది. పాండురంగం తలుపు తీసుకుని, పక్కకి తప్పుకుని నిలబడతాడు.

"క్షమించాలండి. మావాళ్ళు చెప్తే మీరు వినరని, మీవారిని తీసుకొచ్చాను."

శేషగిరిరావుగారు లోపలికి వస్తారు. లేత గోధుమరంగు సఫారీ, జేబులో కళ్ళజోడు. పోయిన దగ్గర్నుంచీ ఆయన పై బారులోనే కూర్చున్నారట. మనిషి ఏమీ చిక్కలేదు. హైమావతి పల్లీ నమలడం ఆపుతుంది.

"అన్నయ్యా, పోయినవాడివి పోయినట్టుండక ఇదేం రాక?"

"నువ్వూరుకోవే." ఆయన పేము కుర్చీ వైపు తిరుగుతారు. "మాణిక్యం, ఏమిటిదంతా? పైన చీకటి. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను. అది ఇలా తే. నాలుగోది నాదే కదా."

"ఇన్నాళ్ళూ మీదే. ఇవాళ కాదు."

"నీకెందుకే అది? చేదు."

"చేదని చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా? ఎలా ఉందో చూడు అని ఒక్కసారి అనుంటే నేనే చూసి చెప్పేదాన్నిగా." ఆవిడ గ్లాసుని ఒళ్ళోకి లాక్కుంటుంది. "మీరంటే నాకు కోపం లేదనుకున్నానండీ. ఉంది. బోలెడుంది."

ఆయన తల దించుకుంటారు. తర్వాత ఆయన గొంతు తగ్గించి, పెళ్ళైన కొత్తలో మాట్లాడినట్టు అంటారు, "సరే, చెరిసగం తాగుదాం."

మాణిక్యాంబ మనసు ఒక్క క్షణం జారుతుంది. ఆయన ఏనాడూ ఇంత మెత్తగా అడగలేదు. ఆ మాట బతికుండగా అనుంటే ఆవిడ ఆయనకి ముప్పాతికా ఇచ్చేది.

"సగం నాకు అలవాటేనండీ," అంటుంది. "ఇవాళ మొత్తం."

పాండురంగం గబగబా ముందుకొస్తాడు. "వద్దండీ మేడమ్. మూడోది సముద్రం తాగింది. మీ గ్లాసూ సముద్రమూ ఇప్పుడు ఒకటే మట్టం. మీ గ్లాసులో తగ్గితే అక్కడా తగ్గుద్ది. ఓడ నేలకి తగులుద్దండి."

"తగలనీ," అని ఆవిడ తాగుతుంది.

ముందు అల్లం గొంతులో మంట పెడుతుంది. వెనకే బెల్లం వచ్చి ఆ మంటని ఓదారుస్తుంది. ఆఖర్న మిర్చి చెవుల దాకా ఎక్కుతుంది. మాణిక్యాంబ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, నవ్వొస్తుంది. హాల్లో తలుపులేసుకుని వీళ్ళు దాచుకున్నది ఇదా అనుకుంటుంది. వాళ్ళు తాగినదానికన్నా తను కలుపుకున్నదే బావుంటుందని ఆవిడకి అనుమానం లేదు.

సముద్రం రెయిలింగు దగ్గర్నుంచి ఓ అంతస్తు కిందికి దిగుతుంది.

"ఎలా ఉంది?" అని అడుగుతారు శేషగిరిరావుగారు. ఆ మాట ఆయన ఆవిడని అడగడం ఇదే మొదటిసారి.

ఆవిడ చెప్పదు. ఇంకో గుక్క వేస్తుంది. సముద్రం ఇంకో అంతస్తు దిగుతుంది. చేపలు తొందర తొందరగా లోతుకి సర్దుకుంటాయి. మూడో గుక్కకి ఓడ బురదలో కూర్చుని, పెద్ద నిట్టూర్పు విడిచి, ఓ పక్కకి ఒరుగుతుంది. శేషగిరిరావుగారు కూర్చోవడానికి కుర్చీ కోసం వెతుకుతారు. ఉన్న ఒక్క కుర్చీలో ఆవిడ ఉంది. ఆయన నిలబడే ఉంటారు.

నీళ్ళు పూర్తిగా వెనక్కి తగ్గిన చోట వంటిళ్ళు కనిపిస్తాయి. కనుచూపు మేరా, వరసగా, తడి ఇసకలో. ప్రతి వంటింటి తలుపూ ఓరగా తెరిచి ఉంటుంది. ప్రతి తలుపు సందులోంచీ ఒక గాజుల చెయ్యి బయటికి చాపి ఉంటుంది, చేతిలో నిండు గ్లాసు. ఎన్నాళ్ళుగా చాపి ఉన్నాయో, కొన్ని చేతుల మీద ఆల్చిప్పలు పట్టేశాయి. ఒక్క గ్లాసులోంచీ ఒక్క చుక్క తొణకలేదు.

బారులోని పెద్దమనుషులు తాడు నిచ్చెనలు పట్టుకుని ఇసకలోకి దిగుతారు. చొక్కాలు సర్దుకుంటారు. తమ కోసమే పెట్టి ఉంచారన్నట్టు ఆ గ్లాసుల వైపు నడుస్తారు. శేషగిరిరావుగారు కూడా రెయిలింగు దాటబోయి, భార్య మొహం చూసి, ఆగుతారు.

మాణిక్యాంబ లేవదు. కూర్చున్న చోటి నుంచే, ఆ కొస దాకా వినపడేలా కేకేస్తుంది.

"ఏమమ్మోయ్! చేతులు లోపలికి తీసుకోండి!"

మొదట ఏమీ జరగదు. ఆవిడ అరుపు ఇసక మీద చాలా దూరం పోతుంది. తర్వాత దగ్గర్లోనే ఒక మోచెయ్యి కదులుతుంది, దాని మీది ఆల్చిప్పలు పటపటా రాలతాయి. ఆ చెయ్యి గ్లాసుతో సహా లోపలికి వెళ్తుంది. పక్క వంటింట్లో ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. తలుపులు మూసుకుంటాయి, లోపల గడియలు పడతాయి. పెద్దమనుషులు మోకాళ్ళ లోతు బురదలో నిలబడి తలుపులు కొడుతుంటారు. మాణిక్యాంబ గ్లాసులో మిగిలిన గుక్క నోట్లో పట్టి ఉంచి చెవులు రిక్కిస్తుంది. సముద్రం అడుగంతా, ఈ చివర్నుంచి ఆ చివరి దాకా, లోపల ఆడవాళ్ళు పీటలు వాల్చుకుంటున్న చప్పుడు.