పాప కూర్చున్న అరగంట

డ్రిల్లు మాస్టారు గది చుట్టూ ఏడో చుట్టు పరిగెడుతున్నారు. వెనకే తొమ్మిదేళ్ల పాప, మునివేళ్ల మీద. అరవై రెండేళ్ల మోకాళ్లు టకటకమంటున్నాయి. పదకొండుకి బడి నుంచి టీచరు వస్తుంది. ఆవిడ ముందు పాప అరగంట బల్ల దగ్గర కూర్చుంటేనే సీటు. ఇప్పటికే రెండు బళ్లు కాదన్నాయి.

"ఇంతలా పరిగెత్తిస్తే అలిసిపోదూ?" గుమ్మంలోంచి అడిగింది తల్లి.

"కుదుటపడుతుందమ్మా. ఇదేం మందు కాదు. ఒంట్లో గోల కాస్త తగ్గుతుందంతే."

ముప్పై ఏళ్లు పెద్ద బడిలో ఆయన విజిలు ఊదితే ఐదొందల మంది గీత గీసినట్టు నిలబడేవాళ్లు. ఒకసారి ఒక పిల్లాడు చెవులు మూసుకుని వరసలోంచి పారిపోతే, పొగరనుకుని వీపు మీద ఒక్కటిచ్చారు. రిటైరై, ఆటిజం ఉన్న పిల్లల కోసం నడిపే ఈ సెంటర్లో చేరిన వారానికే ఆ పిల్లాడు గుర్తొచ్చాడు. మళ్లీ విజిలు ముట్టుకోలేదు. "ఇంట్లో కూడా అరవడం మానేశారు, ఒంట్లో బాగానే ఉందా?" అని భార్య ఆటపట్టిస్తుంది.

టీచరు వచ్చింది. పాప పూసలు గుచ్చుతోంది. ఐదు నిమిషాలు. పది. పక్క భవనంలో గోడ తొలిచే యంత్రం ఒక్కసారిగా మొదలైంది. పాప కుర్చీ తన్నేసి లేచి, మణికట్టు కొరుక్కోసాగింది. తల్లి పరిగెత్తబోయింది.

"ఆగమ్మా," అన్నారు మాస్టారు.

టీచరు పెన్ను మూత తీసింది.

మాస్టారు పాపను పట్టుకోలేదు, పిలవలేదు. మూలనున్న బరువు బంతిని ఆమె ముందుకు తెచ్చి, మోకాళ్ల మీద వంగి తానే నెట్టసాగారు. గోడ దాకా. మళ్లీ వెనక్కి. మూడోసారికి చిన్న చెయ్యొకటి బంతి మీద ఆనింది, పళ్ల గాట్లు ఎర్రగా. ఇద్దరూ నెట్టారు. యంత్రం ఆగలేదు. ఆరోసారి అయ్యాక పాప తనంతట తానే కుర్చీ లేపుకుని కూర్చుంది.

అరగంట అయింది.

"మధ్యలో లేచిందండీ..." తల్లి నసిగింది.

"లేచింది, మళ్లీ కూర్చుంది కూడా. మా క్లాసులో చాలామంది ఆ రెండోది చెయ్యరు," అంది టీచరు. "అలాంటి బంతి మేమూ తెప్పిస్తాం. సోమవారం నుంచి పంపండి."

అంటే ఇక్కడికి ఇక రాదు.

"మాస్టారికి టాటా చెప్పమ్మా!"

పాప అప్పటికే గోడకి వేళ్లు రాస్తూ మెట్లు దిగుతోంది.

"వద్దులేమ్మా, వెళ్లనివ్వండి." మాస్టారు గుమ్మం దాకా వచ్చి ఆగారు.

గేటు పడిన చప్పుడయ్యాక చాపలు చుట్టడానికి వంగారు. చాప అంచున పాప జడ రబ్బరుబ్యాండు పడి ఉంది, ఊడొచ్చిన రెండు పొడవాటి వెంట్రుకలు దానికి చుట్టుకునే ఉన్నాయి.