ఎత్తి పలికే పెట్టె

బాలి దీవిలోని డెన్‌పసార్‌లో ఓ ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసు రెండో అంతస్తులో, ఇనుప చట్రానికి నాలుగు మరలతో బిగించిన పెట్టె అది. ఊళ్లోవాళ్లు ఇంట్లోని ఫోను లైను మీద ఇంటర్నెట్‌కి వస్తే, ఇవతల ఫోను ఎత్తేది అదే. అరవై లైన్లు, అరవై దీపాలు. ఎత్తి కూత పెడుతుంది. పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. సరిపోతే లోపలికి పంపుతుంది.

కెతుత్ రెంతన దాన్ని మూడు వారాల కిందట బిగించాడు. దానికి ముందున్న పెట్టెను ఆరేళ్లు చూసుకున్నదీ అతనే. ఏటా న్యేపి ముందు రోజు సాయంత్రం, ఏ లైనూ ఎత్తకుండా పెట్టెను కట్టడి చేసి ఇంటికి పోయేవాడు. న్యేపి నాడు బాలిలో ఎవరూ గడప దాటరు, దీపం పెట్టరు, పొయ్యి వెలిగించరు, గొంతు పెంచరు. ముందు రాత్రి డప్పులతో తరిమిన భూతాలు తిరిగి వచ్చి చూస్తే, ఇక్కడ మనుషులు లేరనుకుని సాగిపోవాలి.

ఈసారి జకార్తా నుంచి హెందార్తో అనే మేనేజరు ఫోను చేశాడు.

"హోటళ్ల నిండా విదేశీయులు. పెట్టె ఆపావో, నీ ఉద్యోగం కూడా ఆగిపోయినట్టే."

"న్యేపి కదా, సార్. ఏటా ఆపుతాం."

"దయ్యాలకి మోడెములున్నాయా ఏంటి? ఉంటే వాటికీ ఓ పాస్‌వర్డ్ ఇచ్చెయ్యి. చందాదారులు పెరుగుతారు."

కొత్త పెట్టెలో ఫ్యాను ఉండుండి ఆగిపోతోంది. దగ్గర ఎవరో ఒకరు ఉండక తప్పదు. రెంతన తెల్లవారి ఆరు కాకముందే చద్దన్నం పొట్లాలతో ఆఫీసులోకి వెళ్లాడు. మళ్లీ బయటికి రావలసింది మర్నాడు ఆరుకే. ఇంట్లో అతని భార్య మురియాతికి నెలలు నిండాయి. తోడు అతని తల్లి ఒక్కతే.

"నొప్పులొస్తేనే ఫోను చేస్తాను బ్లీ. లేకపోతే నువ్వూ నీ పెట్టే హాయిగా కాపరం చేసుకోండి" అంది మురియాతి, అతను బయల్దేరుతుంటే. బ్లీ అంటే అక్కడ భర్తను పిలిచే పిలుపు. పురుడంటే వీధి కాపలావాళ్లు బండి వదులుతారు. ఆ ఒక్క కాల్ కోసం బల్ల మీది ఫోనును చేతికందేలా పెట్టుకున్నాడు.

పదింటిదాకా ఒక్క దీపమూ వెలగలేదు. పది దాటి పది నిమిషాలకు మొదటి లైను వెలిగింది. పెట్టె కూత పెట్టింది. అవతలి నుంచి పేరు రాలేదు. అర నిమిషం తర్వాత దీపం ఆరి, రెండో లైను వెలిగింది. తర్వాత మూడోది.

చేసినవాళ్ల నంబర్లు తెరమీద పడుతున్నాయి. మొదటిది సనూర్ సముద్రపు ఒడ్డున మూసేసిన హోటలుది. దాని కనెక్షన్ నిరుడు తీసేసింది రెంతనే. ఎక్స్చేంజిలో ఏదో పొరపాటనుకున్నాడు. రెండోది ఆ పక్కనున్న వలల దుకాణం. మూడోది దుకాణం వెనక టీచరు ఇల్లు. అన్నీ అతను స్వయంగా వెళ్లి పెట్టినవే. ఈ రోజు ఆ ఇళ్లలో ఎవరూ కంప్యూటరు ముట్టరు.

పదిహేనో నంబరు వచ్చేసరికి అతనికి దారి అర్థమైంది. సముద్రం దగ్గర మొదలై ఊళ్లోకి వస్తోంది. ఒక్కో ఇంటి నుంచీ ఒక్కో కాల్. ప్రతిసారీ పెట్టె ఎత్తి పలుకుతోంది. పలికాక పక్కింటికి జరుగుతోంది.

ఇరవై ఆరోది వాళ్ల వీధి మొదట్లో ఉన్న దర్జీ ఇల్లు. ఇరవై ఏడోది వాళ్ల పక్కిల్లు.

రెంతన పెట్టె వెనక్కి వెళ్లి రెండు కరెంటు తీగలూ లాగేశాడు. ఫ్యాను ఆగింది.

బల్ల మీది ఫోను మోగింది. ఇంటి నంబరు. ఎత్తాడు.

"బ్లీ, మాట్లాడుతూ మాట్లాడుతూ పెట్టేశావేం?" మురియాతి గుసగుసగా అంది.

"నేనెప్పుడు మాట్లాడాను?"

"ఇప్పుడేగా! ఇంట్లో ఎవరెవరున్నారని అడిగావు. నీ ఇంట్లో ఎవరుంటారో నీకు తెలీదా అని నవ్వాను కూడా."

"చెప్పావా?"

"చెప్పాను. నేనూ, అత్తయ్యా, కడుపులో వీడూ అని. ఎప్పుడొస్తావంటే, బయల్దేరాను అన్నావు."



"గేటుకి గడియ పెట్టు. రేపు ఆరయ్యేదాకా ఎవరొచ్చినా తీయొద్దు. నేనొచ్చినా తీయొద్దు."

"నొప్పులొస్తే?"

"అమ్మని గోడ మీంచి పక్కింటికి కేకెయ్యమను. గేటు మాత్రం తీయకు."

"నీకేమన్నా పట్టిందా?"

"గడియ పెట్టు, మురియాతీ."

మెట్లు దిగి వీధిలో పడ్డాడు. కూడలిలో గళ్ల పంచెల్లో ఇద్దరు కాపలావాళ్లు అడ్డం వచ్చారు.

"ఇంటికి పోవాలి. నా భార్యకి నెలలు నిండాయి" అన్నాడు.

"ఆ ముక్క ఇందాక అడిగినప్పుడే చెప్పొచ్చుగా?" అన్నాడు పెద్దవాడు. "పలక్కుండా పోయావు. మళ్లీ ఇటునుంచి ఎట్లా వచ్చావయ్యా?"

రెంతన పరుగెత్తాడు.

వీధిలో ఎవరూ లేరు. గేటు మూసే ఉంది. తోసి చూశాడు. లోపల గడియ ఉంది. తనకంటే ముందు వచ్చింది లోపలికి పోకముందు పెట్టారో, పోయాక పెట్టారో తెలుసుకునే వీలు లేదు. గేటుకి వీపు ఆనించి నేలమీద కూర్చున్నాడు.

లోపల చెప్పుల చప్పుడు గేటుదాకా వచ్చి ఆగింది.

"బ్లీ, నువ్వేనా?" అంది మురియాతి గొంతు.

అతను పలకలేదు.