బకెట్లో పడిన పద్యం

పెళ్లయిన పన్నెండేళ్లలో కోమలి తనకోసం సెలవు పెట్టుకోవడం ఇదే మొదటిసారి. పిల్లల జ్వరాలకు పెట్టింది, ఆడబిడ్డ సీమంతానికి పెట్టింది, అత్త మోకాలి ఆపరేషన్‌కైతే ఏకంగా ఇరవై రోజులు పెట్టింది. ఈసారి మాత్రం తిరుపతిలో తాను గుమాస్తాగా పనిచేసే బడిలో హెడ్మాస్టరు దగ్గరికి పోయి, చిత్తూరులో రెండ్రోజులు పద్యనాటకాల పోటీలు జరుగుతున్నాయి, చూడ్డానికి పోవాలి సార్, అని ఉన్నమాట చెప్పింది. లాడ్జిలో గది మాట్లాడుకుంది. రెండ్రోజులు ఎవరికీ కాఫీ పెట్టనక్కర్లేదని తలుచుకుని లోలోపల మురిసిపోయింది.

బయల్దేరే ముందురోజు మొగుడు గిరి చల్లగా కబురు చెప్పాడు. "మాయమ్మను గూడా తీస్కపో కోమలీ. ఇంట్లోనే ఉండి ఉండి ఆమెకూ యిసుగ్గా ఉండాది."

అత్త వసంతమ్మ అప్పటికే సంచి సర్దేసుకుంది. అందులో పులిహోర, మజ్జిగ మిరపకాయలు, మోకాలి తైలం, రెండు దుప్పట్లు ఉన్నాయి. నాటకానికి దుప్పట్లెందుకని కోమలి అడగలేదు. అడిగితే జవాబు చిత్తూరు దాకా సాగుతుంది.

కోమలికి కావలసింది నిజానికి రెండ్రోజులు కూడా కాదు, ఒక్క పద్యం. అందులోనూ చివరి పాదం.

ఆమె నాయన చిన్నబ్బ దర్జీ. పగలు మిషను తొక్కేవాడు, నాటకముంటే రాణి వేషం కట్టేవాడు. కోమలికి మూడేళ్లప్పుడు తల్లి పోతే, ఆ రాణి అడవిలో బిడ్డను నిద్రపుచ్చుతూ పాడే పద్యాన్నే జోలపాటగా పాడి పెంచాడు. మొదటి మూడు పాదాలు కోమలికి నోటికొచ్చు. నాలుగోది రాదు. ఎందుకు రాదంటే, మూడో పాదం అయ్యేసరికి ఏ రోజూ ఆమె మేలుకుని ఉండేది కాదు. పెద్దయ్యాక ఎప్పుడైనా అడగొచ్చులే అనుకుంది. రెండేళ్ల కిందట నాయన పోయాడు. ఆ నాటకం ఎవరో ఊరి పంతులు రాసింది, అచ్చు కాలేదు. దాన్ని ఆడే బృందం ఒక్కటే మిగిలింది. వాళ్లు ఈ పోటీల్లో ఆడుతున్నారు, అదీ నాయన రాణిగా నిలబడిన ఆ పాత నాటకశాలలోనే.

దారిలో అత్త కాణిపాకంలో దిగాల్సిందేనంది. "ఇంత దూరం వచ్చి దేవుడికి మొగం సూపీకుండా పోతామా?" దర్శనానికి రెండున్నర గంటలు పట్టింది. మొదటిరోజు మొదటి నాటకం గంగలో కలిసింది. రెండోది మొదలైన పావుగంటకే వసంతమ్మ కుర్చీలో గురకపెట్టింది. బ్యాడ్జీ పెట్టుకున్న కార్యకర్త చక్రధర్ వచ్చి, "అమ్మా, న్యాయనిర్ణేతలకు ఇనపడతాంది" అని చేతులు జోడించాడు. తల కొట్టేసినట్టయి కోమలి అత్తను లేపుకుని గదికి తిరిగొచ్చింది.

రెండోరోజు పొద్దున పదిన్నరకు రాణి నాటకం. కోమలి తొమ్మిదిన్నరకే ముందు వరసలో కూచుంది. నూరేళ్లు దాటిన శాల అది. బంగాళా పెంకుల కప్పు, టేకు స్తంభాలు, పాదాలు రాసుకుని నునుపు తేలిన రంగస్థలం. గోడమీద పెద్ద అక్షరాలతో నోటీసు అతికించారు: 'సమయపాలన దృష్ట్యా వన్స్ మోర్‌లు అడగరాదు. గడువు మించిన నాటకానికి మార్కులు తగ్గించబడును.' ఒకప్పుడు ఈ శాలలో ఒక్కో పద్యాన్ని మూడేసిసార్లు పాడించుకున్నారని నాయన చెప్పేవాడు. ఇప్పుడు పద్యానికీ గడియారం కట్టారు.

తెర లేచింది. రాణి వేషం ఇమ్మానుయేల్ అనే అరవై ఏళ్ల నటుడిది. పమిట సర్దుకున్న తీరు చూసి కోమలికి నాయనే గుర్తొచ్చాడు.

"ఆమె మొగోడేనా మే?" అంది వసంతమ్మ.

"అవునత్తా."

"సీర బాగ కట్టినాడే. నీకంటే బాగ కట్టినాడు."

కోమలి పళ్లు బిగబట్టుకుంది. రెండో రంగంలో అత్త పులిహోర పొట్లం విప్పింది. మూడో రంగంలో మజ్జిగ ప్యాకెట్టు, దానిమీద ఇంకోటి తాగింది. అడవి తెర దిగింది. రాణి బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. హార్మోనియం సన్నగా అందుకుంది. సరిగ్గా అప్పుడు వసంతమ్మ కోడలి మోచెయ్యి గిల్లింది.

"కోమలీ, పోవాల."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఆ మెట్లు నేనొక్కదాన్నే దిగలేను మే."

కోమలికి ఏడవాలో అరవాలో తెలియలేదు. అత్తను పట్టుకుని పక్క తలుపులోంచి నాలుగు మెట్లు దించి, వెనకనున్న బాత్‌రూము దాకా నడిపించింది. బయట నిలబడి శాల గోడకు చెవి ఆనించింది. లోపల్నుంచి పద్యం మొదలైంది.

"నిదుర పోవయ్య కన్న, యీ నీడలోన..."

అదే రాగం. రెండో పాదం అయింది. మూడో పాదం అయింది. కోమలి ఊపిరి బిగబట్టింది. అంతలో బాత్‌రూములో వసంతమ్మ కొళాయి మొత్తం తిప్పేసింది. ఇనప బకెట్లో నీళ్లు భోరుమని పడ్డాయి. మళ్లీ కొళాయి కట్టేసేసరికి శాలలో చప్పట్లు మోగుతున్నాయి.

వసంతమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నీళ్లు బాగ వస్తాండాయి మే ఈడ."

కోమలి పన్నెండేళ్లుగా మింగినదంతా ఒక్కసారిగా పైకొచ్చింది. "నీళ్లు! ఆ నీళ్లలోనే పోయింది నా పద్యం! మా నాయన నన్ను పండేసుకుని పాడేది. కడాకరి పాదం ఏందో నాకు తెలీదు. అది ఇనేదానికే వచ్చినా. దేవుడంటివి, దిగితిమి. గురక పెట్టినావు, లేసి పోతిమి. ఇప్పుడు నీ బకెట్లో పడిపాయ. ఇంకెవురు పాడతారు నాకు?"

అని మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది.

వసంతమ్మ వంగి కోడలి తలమీద చెయ్యి వేసింది. అది కూడా పన్నెండేళ్లలో మొదటిసారే. తర్వాత, "ముందే సెప్పుంటే బిగబట్టుకొనుందును గదమ్మే," అంది నెమ్మదిగా. అని, ఒక్కదాన్నే దిగలేనన్న ఆ నాలుగు మెట్లూ గోడ పట్టుకుని తానే ఎక్కేసింది. కోమలి లేచి వెంటపడేసరికి ఆమె శాల నడిమధ్యకు పోయి నిలబడింది. రంగస్థలం మీద భటుడెవరో మాట్లాడుతున్నాడు.

"వన్స్ మోర్!"

టేకు స్తంభాలు అదిరాయి. చక్రధర్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, నోటీసు సూడండి. వాళ్లకు మార్కులు పోతాయి."

"నాకు సదువు రాదబ్బా. నా కోడలు ఇనలే, నాదే తప్పు. మార్కులు పోతే నా పేరు రాసుకో, వసంతమ్మ. అయ్యా, ఓ రాణమ్మా! ఆ బిడ్డను పండేసే పద్యం ఇంకోతూరి పాడు సామీ!"

శాలంతా నవ్వింది. తర్వాత వెనక వరసల్లో ఒక ముసలాయన "వన్స్ మోర్" అన్నాడు, ఇంకొకాయన అందుకున్నాడు. ఇమ్మానుయేల్ న్యాయనిర్ణేతల వైపు చూశాడు, వాళ్ల బల్లమీది గడియారం వైపు చూశాడు. నడిమధ్య కళ్లు తుడుచుకుంటున్న కోమలిని చూశాడు. చెయ్యెత్తి భటుణ్ణి ఆపాడు. హార్మోనియం మళ్లీ అందుకుంది.

మొదటి పాదం. రెండో పాదం.

"ఇదేనా మే? మీ నాయన పాడేది ఇదే..."

కోమలి అత్త నోటిమీద చెయ్యి పెట్టేసింది. తీయలేదు. మూడో పాదం అయింది. చిన్నప్పుడు నిద్ర కమ్ముకొచ్చే చోటు అది. కోమలి కళ్లు పెద్దవి చేసుకుని నిలబడింది.

"అమ్మ మేల్కొని యుండు నీ యలుపు తీర."

మిషను తొక్కి తొక్కి వాచిన కాళ్లతో, నిద్రపోయిన బిడ్డ పక్కన కూచుని నాయన రోజూ ఆఖర్న పాడుకున్నది ఇదన్నమాట. కోమలికి దుఃఖం పొంగుకొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

చప్పట్లు తగ్గాక వసంతమ్మ కోడలి చేతిని నోటిమీద నుంచి మెల్లగా తీసి, తన చేతుల్లో పెట్టుకుంది.

"ఇనపడెనా?"

"ఇనపడె అత్తా."

వసంతమ్మ కోడలి మొహంలోకి అనుమానంగా చూసింది. "బాగ ఇనపడెనా? ఇంకోతూరి పాడమందునా?"