వయోలాల వరుసలో కొత్తమ్మాయి

పెళ్ళిళ్ళలో కేకు కోస్తుంటే వెనక, వయొలిన్‌కి అక్కలాంటి వయోలా వాయించీ, చలికి వేళ్ళు కొయ్యబారే చర్చిల్లో వాయించీ విసిగిపోయిన రొవీనాకి, లీడ్స్‌లో ఒక పెద్ద ఆర్కెస్ట్రా నుంచి పిలుపొచ్చింది. ఒక్క వారం పని. నచ్చితే మళ్ళీ ఫోన్ చేస్తారు, నచ్చకపోతే చెయ్యరు. ఎందుకు చెయ్యలేదని అడిగే హక్కు ఆమెలాంటి వాళ్ళకి లేదు.

అక్కడ వయోలాల పెద్ద డెస్మండ్. ఏళ్ళ తరబడి ముందు కుర్చీ అరగదీసిన మనిషి. ఆయన కమాను కదిలితేనే వెనకున్నవాళ్ళ కమానులు కదులుతాయి. గొర్రెలు నయం, అప్పుడప్పుడైనా పక్కకి చూస్తాయి.

వయోలాలు చాలాసేపు ఊరికే కూర్చుని, లోపల లెక్కపెట్టుకుంటూ, బాకాలు మోగగానే వాటితో కలిసి అందుకోవలసిన చోటొకటి ఆ వారం వాయించే సింఫనీలో ఉంది. రిహార్సల్లో డెస్మండ్ ముందే దూకాడు. వరుసంతా దూకింది. రొవీనా మాత్రం లెక్క పూర్తయ్యేదాకా ఆగి, సరిగ్గా బాకాలతో అందుకుంది.

ముందు నిలబడి కర్ర ఊపుతున్న కండక్టర్ ఆపేశాడు. "పోనీలే, వయోలాల్లో ఒక్కరికైనా లెక్కలొచ్చు. ఆ వెనకమ్మాయికి థాంక్స్!"

దానికన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. వరుసలో ఒక్కరూ ఆమె మొహం చూడలేదు.

టీ తాగేటప్పుడు, పక్క కుర్చీలో వాయించే హిలరీ ఆమె దగ్గరికి జరిగింది. "ఏం పని చేశావే అమ్మాయ్?"

"నా లెక్కే కదండీ కరెక్టు?"

"ఆ కరెక్టుని బిస్కెట్ బదులు టీలో ముంచుకు తిను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటే నీకు ఫోన్ ఎవరు చేస్తారే?"

"మరి కచేరీలో కూడా ఆయన తప్పు దూకితే?"

"మనమూ దూకుతాం. అందరం కలిసి చేస్తే అది తప్పు కాదే, సంగీతం!"

రొవీనాకి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు నేర్చుకున్నది ఈ మహానుభావుడి వెనక తోకలా ఊగడానికా? కానీ మళ్ళీ ఆ పెళ్ళి కేకులు గుర్తొచ్చాయి. ఆయనేది చేస్తే అదే చేద్దామని తీర్మానించుకుంది.

కచేరీలో ఆ చోటు రానే వచ్చింది. రొవీనా లెక్క మానేసి డెస్మండ్ కమాను మీద కళ్ళు పెట్టింది. రిహార్సల్లో అంతమంది ముందు పరువు పోయిన డెస్మండ్‌కి తన లెక్క మీద నమ్మకం పోయింది. మెల్లగా తల తిప్పి, లెక్కలొచ్చిన అమ్మాయి వైపు చూశాడు. ఆమె ఆయన్ని చూస్తోంది, ఆయన ఆమెని చూస్తున్నాడు, మిగతా మంద ఆయన కమానుని చూస్తోంది. బాకాలు హోరుమని మోగి ఆగిపోయాయి. వయోలాలు ఒక్క స్వరమూ వాయించలేదు.

ఎవరికీ తెలియలేదు. చివర్లో జనం లేచి చప్పట్లు కొట్టారు. కండక్టర్ తన్మయత్వంతో వయోలాలని ప్రత్యేకంగా లేపి నిలబెట్టాడు. వాళ్ళు వినయంగా తలలు వంచారు.

మెట్ల దగ్గర డెస్మండ్ ఆమె భుజం తట్టాడు. "ఇవాళ మాలో బాగా కలిసిపోయావమ్మాయ్. వచ్చే నెల వీలవుతుందా?"

రొవీనాకి సిగ్గేసింది. సిగ్గుకన్నా సంతోషమే ఎక్కువైంది, అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పకుండా వస్తానండీ," అంది.