కొత్త సిస్టరు సాక్ష్యం

ఆ ఏడాది క్రిస్మస్ నాటకంలో మదర్ వేషం వేసిన దగ్గర్నించీ దీనమ్మని పట్టడం ఎవరి తరమూ కాలేదు. మస్కట్‌లో శుక్రవారం పూట కూడుకునే తెలుగు సంఘంవాళ్ళు ఆడిన నాటకం అది. యుద్ధకాలంలో నాజీ సైనికులు యూదుల్ని వేటాడుతుంటే, ఒక మఠంలోని సిస్టర్లు యూదుల ఆడపిల్లలకి తమ బట్టలే తొడిగి, తమ మధ్యనే కూచోబెట్టుకుని కాపాడిన కథ. రాసింది పాస్టరు ఇస్రాయేలుగారు. దీనమ్మది తాడేపల్లిగూడెం పక్క పల్లె, మస్కట్ శివారు సీబ్‌లో ఒక విల్లాలో వంటపని. సైనికుడి వేషంలో వచ్చిన సలోమిని "ఇక్కడున్న వాళ్ళంతా నా పిల్లలే, పో" అని ఆవిడ గద్దించిన గద్దింపుకి, పాపం సలోమి నిజంగానే జడుసుకుని తన డైలాగు మింగేసింది. ఇక అప్పట్నించీ అందరూ "మదర్‌గారూ" అనడం, ఈవిడ లోలోపల పొంగిపోవడం.

వేషం వేసినంత తేలికా అండీ, నిజంగా తలుపు చప్పుడైతే?

ఆగస్టులో ఒక గురువారం సాయంత్రం ఆ చప్పుడు కాస్తా అయ్యింది. తీసి చూస్తే జైనబీ. రాయచోటి పిల్ల, వెనక వీధి ఇంట్లో పని. కాళ్ళకి చెప్పుల్లేవు.

"అక్కా, ఒక ఇంటి పనని తెచ్చి మూడిండ్లు తిప్పుతాండారు. నిద్ర ల్యాదు, ఫోను ల్యాదు. ఇంటికి పంపమంటే, మా ఏజెంటు రామసుబ్బయ్య రేపు నన్ను సోహార్‌లో ఇంకో ఇంటికి అప్పజెప్తాడంట. నేను పోనక్కా. ఎంబసీకి పోతా."

ఆ రామసుబ్బయ్యని దీనమ్మా ఎరుగును. ఎంబసీ తలుపులు ఆదివారందాకా తెరవరు. తన యజమాని కుటుంబం వానలు చూడ్డానికని సలాలా వెళ్ళింది కాబట్టి ఈ రాత్రికి ఫర్వాలేదు. వాళ్ళు రేపు మధ్యాహ్నం దిగిపోతారు. అప్పుడీ పిల్ల ఇక్కడ కనబడితే తన ఉద్యోగం ఊడినట్టే.

"రేపు నాతో చర్చికొచ్చెయ్. పాస్టరమ్మగారితో చెప్పి వాళ్ళింట్లో ఉంచుతాను."

జైనబీ ముడుచుకుపోయింది. "నేను మతం మారనక్కా."

"నిన్నెవరు మారమన్నారే? మా నాటకంలో సిస్టర్లు యూదుల పిల్లల్ని యూదుల పిల్లలుగానే సాగనంపారు. చీర కట్టుకో, చాలు."

తెల్లారి తన తెల్లచీర ఒకటి కట్టబెట్టి, ముసుగు కళ్ళదాకా లాగి, సంఘం వ్యాన్‌లో తీసుకెళ్ళింది. హాలు నిండా తెల్లచీరలే. మూడో వరసలో కూచోబెడితే పిల్ల ఎక్కడుందో దీనమ్మకే ఒక క్షణం తెలియలేదు. భలే పని చేశాననుకుని మురిసిపోతూ వెనక్కి తిరిగి చూసింది.

వెనక కుర్చీలో రామసుబ్బయ్య కాలు మీద కాలేసుకుని కూచున్నాడు.

తెలుగు ఆడవాళ్ళు కలిసే చోటు ఇదొక్కటేనని అతనికి తెలియదా మరి! పాటలైపోయాయి, పాస్టరుగారి వాక్యోపదేశం అయిపోయింది. అతను ఒక్కో ముసుగునూ చూస్తూనే ఉన్నాడు. అయినా ఏమీ కనిపెట్టలేకపోయాడు. అంతలో ఇస్రాయేలుగారు చల్లగా నవ్వి, "కొత్త సిస్టరు ఎవరో వచ్చినట్టున్నారు. లేచి సాక్ష్యం చెప్పండమ్మా" అన్నారు.

చచ్చాంరా దేవుడా అనుకుంది దీనమ్మ. కొత్త మొహం కనబడితే లేపి, పేరూ ఊరూ, దేవుడు చేసిన మేలూ చెప్పించడం ఆ సంఘంలో ఎప్పట్నించో ఉన్న అలవాటు. నాటకంలో సాక్ష్యాల్లేవు కాబట్టి ఆవిడకి ఆ సంగతే తట్టలేదు. పిల్ల నోరు విప్పితే ఆ గొంతూ ఆ కడప యాసా రామసుబ్బయ్య ఇట్టే పట్టేస్తాడు.

"ముందు నేను చెప్తానండి" అని దీనమ్మ తటాలున లేచింది. మోకాళ్ళ నొప్పితో మొదలెట్టి, పోయిన ఏడు పేలిన కుక్కరు దాకా దేవుడు చేసిన మేళ్ళన్నీ ఏకరువు పెట్టింది. ఆవిడ కళ్ళ సైగ పట్టుకుని సలోమి లేచింది. సలోమికి తలనొప్పి తగ్గిన సాక్ష్యం ఒక్కటే ఉంది, దాన్నే అటు తిప్పీ ఇటు తిప్పీ చెప్పింది. భోజనాలకని తెచ్చిన బిర్యానీ చల్లారిపోతోంది. రామసుబ్బయ్య మాత్రం కదల్లేదు.

"సరేనమ్మా, ఇక ఆ కొత్త సిస్టరు" అన్నారు పాస్టరుగారు.

జైనబీ లేచింది. దీనమ్మ చెయ్యి పట్టుకుని లాగినా కూచోలేదు. ముసుగు తీసేసింది.

"నా పేరు జైనబీ. ఈ చీర నాది కాదు. ఈ అక్క నన్ను దాచింది. దేవుని పేరు చెప్పుకునే తావున అబద్ధం చెప్పల్యాను. ఆ ఎనకున్నాయన నన్ను పంపిన ఏజెంటు. ఆ ఇంటికీ పోను, ఆయన చూపిచ్చే ఇంటికీ పోను."

రామసుబ్బయ్య దిగ్గున లేచాడు. "పాస్టరుగారూ, పారిపోయిన మనిషిని పెట్టుకుంటే మీ మీద కేసవుతాది."

ఇస్రాయేలుగారు మెతక మనిషి. చెమట తుడుచుకున్నారు. ఈయన కాస్తా పిల్లని అప్పజెప్పేస్తాడేమోనని దీనమ్మ జైనబీ చెయ్యి వదల్లేదు.

"అయ్యా, సాక్ష్యానికి మధ్యలో అడ్డు రావడం మా దగ్గర లేదు. కూచోండి. ఎల్లుండి పొద్దున్నే ఈ అమ్మాయిని ఎంబసీకి నేనే తీసుకెళ్తాను, మీ మాట అక్కడ చెప్పుకోండి. కానివ్వు తల్లీ."

జైనబీ చెప్పింది. ఆ పిల్ల కూచోగానే సలోమి మళ్ళీ లేచింది. "నన్నూ ఈయనే తెచ్చాడండి. ఆసుపత్రి పనన్నాడు, నలుగురు పిల్లల ఆయాపని." ఈసారి మాట తడుముకోలేదు. ఆవిడ తర్వాత రాజంపేట నించొచ్చినావిడ, తర్వాత ఇంకొకావిడ. ఆ హాల్లో అతను పంపినవాళ్ళే సగంమంది ఉన్నారు. వాళ్ళు పేర్లూ ఊళ్ళూ చెబుతుంటే, పాస్టరుగారు ఒక్కర్నీ తొందరపెట్టలేదు. రామసుబ్బయ్య ఎప్పుడు జారుకున్నాడో గానీ, ఆఖరి ఆవిడ కూచునేసరికి వెనక కుర్చీ ఖాళీ.

అప్పుడు ఏడ్చింది దీనమ్మ. నాటకంలో ఒక్క చుక్క రాని మనిషి, కొంగంతా తడిపేసుకుంది.

భోజనాల సందట్లో జైనబీ వచ్చి మెల్లిగా అడిగింది. "అక్కా, నమాజుకు పొద్దయింది. యాడన్నా కొంచెం తావుందా?"

దీనమ్మ పిల్లల బైబిలు తరగతి గదిలో కుర్చీలు పక్కకి జరిపి, ఉతికిన దుప్పటి పరిచి, తలుపు దగ్గరగా వేసి, తను బయట కుర్చీ వేసుకుని కూచుంది. కాసేపటికి ఇస్రాయేలుగారు పళ్ళెంతో వచ్చారు.

"ఆ అమ్మాయేదీ? తినలేదు కదా."

"ఉండండి పాస్టరుగారూ. లోపల ప్రార్థన అవుతోంది."

దగ్గరగా వేసి ఉన్న తలుపు వంక చూశారాయన. పళ్ళెం మీద మూత సరిచేసి, ఇంకో కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూచున్నారు.